గోదావరి జిల్లాల క్వీర్ రచయితలకి కవిత్వ తరగతులు: 8 ఆదివారాలు సరిపోతాయా, ఏ వరసలో నేర్పాలి?

కోటిపల్లి_రేవు అడిగినది

నమస్కారమండి. క్వీర్ (ఆడా మగా జంట అన్న మూసలో ఇమడనివాళ్ళు), ట్రాన్స్ (పుట్టినప్పుడు రాసిన లింగం తమది కాదనుకునేవాళ్ళు) రచయితల కోసం తెలుగు కవిత్వ తరగతులు మొదలుపెట్టబోతున్నాం. నేర్పేవాళ్ళు ఇద్దరు, ఏర్పాట్లు చూసేవాళ్ళు ఒకరు. రుసుము లేదు. ఇప్పటికి 12 మంది వస్తామన్నారు. కాకినాడ, భీమవరం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం, యానాం వైపు వాళ్ళు. అందరూ 18 దాటినవాళ్ళే. వీళ్ళలో ఐదుగురు ఇంగ్లీషు మీడియం. తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతోనే కొడతారు. ముగ్గురు ట్రాన్స్ మహిళలకి చదువు ఐదారు తరగతుల దగ్గర ఆగిపోయింది. పాట కట్టగలరు, కాగితం మీద పెట్టడం కష్టం. మిగతా నలుగురూ పత్రికలకి కవితలు పంపుతున్నవాళ్ళు.

8 ఆదివారాలు, రోజుకి రెండున్నర గంటలు అనుకున్నాం. ఎక్కడ, ఏ నెలల్లో పెడితే అందరూ పొద్దుండగా ఇళ్ళకి చేరతారు? ఒకరి కవిత గురించి ఒకరు మాట్లాడే పద్ధతి ఎలా ఉండాలి? తెలుగులో క్రియ రాయగానే ఆడా మగా తేలిపోతుంది కదా, దాన్ని పాఠంగా ఎలా చెప్పాలి? చివర్లో చిన్న పుస్తకం వెయ్యాలని ఉంది, ఎవరి గుట్టూ బయటపడకుండా ఎలా వెయ్యాలి?

ధైర్యం చెప్పే మాటలకన్నా లెక్కలు, పద్ధతులు చెబితే మేలు.

రావులపాలెం_సెంటరు

రాజమండ్రిలోనే పెట్టండి. భీమవరం, తణుకు వైపు నుంచి రైలుంది. కాకినాడ వాళ్ళకి సామర్లకోట మీదుగా రైలూ, నేరుగా బస్సూ ఉన్నాయి. కోనసీమ వాళ్ళు రావులపాలెం మీదుగా బస్సులో వస్తారు. అమలాపురం మధ్యలో ఉన్నట్టు కనబడుతుంది గానీ రైలు లేదు, భీమవరం మనిషికి రోజంతా బస్సులోనే అయిపోతుంది. వేళ పదిన్నర నుంచి ఒంటిగంట. భోజనం పెట్టకండి. భోజనం పెడితే మూడవుతుంది, రాజోలు మనిషి ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది, "ఎక్కడికెళ్ళావు" అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

వానాకాలం వద్దండి. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద రోజులు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక ఊళ్ళ కాజ్‌వేలు మునగడానికి మూడో హెచ్చరిక దాకా అక్కర్లేదు. రెండు ఆదివారాలు వరసగా రాలేకపోయిన మనిషి మూడో ఆదివారం మొహమాటపడి మానేస్తారు. సంక్రాంతి చుట్టాలు వెళ్ళిపోయాక, జనవరి చివరి వారంలో మొదలుపెట్టి మార్చిలో ముగించండి. ఉగాదికి కవి సమ్మేళనాలు ఉంటాయి, మీ నలుగురు పత్రికల వాళ్ళకి పిలుపులు రావచ్చు, ఆ వారం తగలకుండా చూసుకోండి.

గది సంగతి. గ్రంథాలయం వద్దు. రోజూ పేపరు చదవడానికి వచ్చే పెద్దలకి ఊళ్ళో అందరూ తెలుసు. ఎవరింట్లోనూ వద్దు, ఒకసారి ఆ ఇంటి చిరునామా 12 మందికి తెలిశాక వెనక్కి తీసుకోలేం. మూఢం రోజులైతే కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి, మేడమీది చిన్న హాలు పూటకి మాట్లాడుకోవచ్చు. లేదంటే ఆదివారం ఖాళీగా ఉండే కోచింగ్ సెంటరు గది. అక్కడ అడగాల్సింది ఒకటే: సీసీ కెమెరా ఉందా, ఉంటే మాట కూడా రికార్డవుతుందా? అవుతుందంటే వేరే గది చూసుకోండి. మరుగుదొడ్లు రెండుంటే రెండింటికీ ఆ పూటకి "మరుగుదొడ్డి" అని ఉత్త కాగితం అంటించడానికి ఒప్పుకుంటారేమో ముందే కనుక్కోండి. ఆ బోర్డు చూసి రెండున్నర గంటలూ ఉగ్గబట్టుకుని కూర్చునేవాళ్ళుంటారు.

యజమానికి "తెలుగు కవిత్వ తరగతి, 15 మందిమి, టీ మాత్రమే" అని చెప్పండి, అది నిజమే. ఆయనకి తర్వాత తెలిసి "కేసవుతుందేమో" అంటే 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు గురించి చెప్పండి. ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళ బంధం ఐపీసీ సెక్షన్ 377 కింద నేరం కాదని ఆ రోజే తేలిపోయింది. కవిత్వం చదువుకోవడం అసలెప్పుడూ నేరం కాదు.

దారి ఖర్చు అందరికీ ఒకే మొత్తం, కవర్లో పెట్టి ఇవ్వండి. "అవసరమైనవాళ్ళు అడగండి" అంటే అవసరమైనవాళ్ళే అడగరు. ఆంధ్రా ఆర్టీసీ వాళ్ళ స్త్రీ శక్తి ఉచిత బస్సు ట్రాన్స్ వాళ్ళకీ వర్తిస్తుంది గానీ నిండు బస్సులో కండక్టరుకి గుర్తింపు కార్డు చూపించాలి, అందుకని టికెట్ డబ్బులు లెక్కలో వేసే ఉంచండి. ఆ ముగ్గురిలో ఎవరికైనా ఆదివారం దుకాణాల దగ్గర డబ్బులొచ్చే రోజైతే, వాళ్ళు పోగొట్టుకునేది పూట ఆదాయం. గురువు (ట్రాన్స్ మహిళల ఇంటికి పెద్దదిక్కు) దగ్గర ఉంటున్నవాళ్ళయితే ఆవిడకి మీరే వెళ్ళి ముందు చెప్పి రండి.

అంతర్వేది_గాలి

పై ఆయన చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, యజమాని మాట తప్ప. ఏదో ఒక వారం ట్రాన్స్ మహిళలు మెట్లెక్కడం చూసి ఆయన మధ్యలో గది ఖాళీ చెయ్యమంటే 12 మందీ రోడ్డు మీద నిలబడతారు. ఎవరెవరు వస్తారో మొదటి రోజే చెప్పి, ఒప్పుకున్న గదే తీసుకోండి. కాదన్నవాళ్ళు ముందే కాదంటారు.

ప్రకటన మాత్రం రెండు రకాలుగా రాసుకోండి. బయట తిరిగేది "తెలుగు కవిత్వ తరగతులు, ఆదివారాలు, ప్రవేశం ముందుగా రాసినవాళ్ళకే". ఇంట్లో ఫోను చూసినా ఇబ్బంది లేదు. మనిషి నుంచి మనిషికి వెళ్ళేదాంట్లో క్వీర్, ట్రాన్స్ అన్న మాటలు స్పష్టంగా ఉండాలి, లేకపోతే ఎవరి కోసమో తెలియక ఎవరెవరో వస్తారు. దరఖాస్తులో "మీరు ఎవరు" అని అడగకండి. "ఈ తరగతి క్వీర్, ట్రాన్స్ రచయితల కోసం. మీరు ఎందుకు రావాలనుకుంటున్నారో మూడు వాక్యాల్లో రాయండి" చాలు.

వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి, నంబరు దొరికితే ట్రూకాలర్లో పేరు దొరుకుతుంది. సిగ్నల్ అనే మెసేజీల యాప్‌లో యూజర్‌నేమ్ పెట్టుకుని నంబరు దాచుకోవచ్చు. గ్రూపు పేరు "ఆదివారం పద్యం" లాంటిది పెట్టండి, తాళం వేసిన తెర మీద కూడా పేరు కనబడుతుంది. హాజరు పట్టీలో ఇంటిపేర్లు రాయించకండి. మన జిల్లాల్లో ఇంటిపేరు చెబితే కులమూ ఊరూ రెండూ చెప్పేసినట్టే.

ప్రథమ_పురుష

క్రియ సంగతికి రెండో ఆదివారం మొత్తం ఇవ్వండి. ఈ తరగతికి గుండెకాయ అదే.

ముందు బోర్డు మీద రాయాల్సింది: "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు" అన్నప్పుడు లింగం లేదు. మేము, మనం, మీరు, వాళ్ళు, వీటిలోనూ లేదు. తేలిపోయేది ప్రథమ పురుష ఏకవచనంలోనే: వచ్చాడు, వచ్చింది. అందుకే "నువ్వు" అంటూ రాసిన ప్రేమ కవితలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చాలాసేపు తెలియదు. అయితే "నేను"లోనూ ఒక గొయ్యి ఉంది, కొత్తవాళ్ళు అందులోనే పడతారు. "నేను పిచ్చివాణ్ణి", "నేను పిచ్చిదాన్ని". విశేషణానికి వాడు, ది తగిలించగానే మనిషి ఎవరో బయటపడ్డట్టే. "నాకు పిచ్చి", "నేను ఒంటరి", "ఒంటరిగా ఉన్నాను" అంటే బయటపడదు. పిలుపులూ అంతే: "రారా", "రావే" అన్నాక ఇంక దాచడానికేం లేదు. "ఏవండీ"లో లింగం లేదు గానీ మన ఇళ్ళల్లో అది భార్య భర్తని పిలిచే పిలుపు. ఇద్దరు మగవాళ్ళ కవితలో ఒకరు "ఏవండీ" అంటే ఇల్లంతా ఆ గదిలోకి వచ్చేస్తుంది. అలా రప్పించాలనుకుంటే అంతకన్నా మంచి మాట దొరకదు.

"తను" అన్నది ఆడకీ మగకీ చెల్లుతుంది, కానీ క్రియ దగ్గర దొరికిపోతుంది. దొరక్కుండా ఉండే దారులు తెలుగులో చాలానే ఉన్నాయి. గడిచిన పనిని కాదనడం మొదటి దారి. "రాలేదు" అన్న రూపం నేను, నువ్వు, తను, వాళ్ళు అందరికీ ఒకటే. అదే రాబోయే పనిని కాదంటే "రాడు, రాదు" అని తేలిపోతుంది, జాగ్రత్త. క్రియని విశేషణం చేసెయ్యడం ఇంకో దారి: "తను వచ్చిన రాత్రి", "తను వదిలేసిన మాట". "తను వస్తే", "తను వచ్చినా", "తను రావడం", "తను రావాలి", ఇవన్నీ క్షేమమే. "తనకి జ్వరం వచ్చింది" అంటే క్రియ జ్వరానిది, "తనకి తెలుసు" అంటే ఎవరిదీ కాదు. అన్నిటికన్నా కవిత్వానికి పనికొచ్చేది శరీర భాగాన్ని కర్తగా నిలబెట్టడం: తన చెయ్యి వణికింది, తన గొంతు పగిలింది, తన కళ్ళు నవ్వాయి.

బోర్డు మీద ఈ నాలుగు పాదాలు పెట్టి చూడమనండి (పంటు అంటే రేవు దాటించే పెద్ద పడవ):

తను రేవు దాటొచ్చిన రాత్రి
పంటు మీద దీపం లేదు
తన చేతి సంచిలో తడిసిన చొక్కా
నా పేరు అడగలేదు తను

మొదటి పాదంలో క్రియ విశేషణమైంది, రెండో దాంట్లో దీపానిది, మూడో దాంట్లో క్రియే లేదు, నాలుగో దాంట్లో "అడగలేదు". ఇప్పుడు నాలుగో పాదం మార్చి "నా పేరు అడిగాడు" అని రాయించండి. తర్వాత "నా పేరు అడిగింది" అని రాయించండి. మూడు కవితలు వస్తాయి. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది కాబట్టి ఆ ఎరుక కూడా చివరి అక్షరానికి వస్తుంది. చదివేవాళ్ళు మూడు పాదాలు ఒక మనిషిని ఊహించుకుని వచ్చి, "డు" దగ్గరో "ది" దగ్గరో ఆగి వెనక్కి వెళ్తారు. ఎక్కడ ఆపాలో రాసేవాళ్ళ చేతిలో ఉంది. ఈ పాఠం దాచడం నేర్పడానికి కాదు. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో ఎంచుకునే పనిముట్లు చేతికివ్వడానికి.

ట్రాన్స్ రచయితలకి చాలాసార్లు దీనికి పూర్తిగా ఎదురు కావాలి. "నేను ఆడదాన్ని" అనో, "నేను ఆ ఇంటి పెద్దకొడుకుని" అనో నిండుగా రాయడమే వాళ్ళ కవిత. వాళ్ళకి "దాచు" అన్న అభ్యాసం ఇవ్వకండి, "దాన్ని", "వాణ్ణి" అన్న ముగింపులతో పది వాక్యాలు రాయమనండి. ఆడా మగా రెండూ కాదనుకునేవాళ్ళు "వచ్చారు" వాడుకోవచ్చు. కానీ గౌరవ వాచకం కవితలోకి దూరం తెస్తుంది, ముద్దు దగ్గర కూడా మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టినట్టుంటుంది. కొందరికి ఆ దూరమే కావాలి. అడిగి తెలుసుకోండి, దిద్దకండి.

చెడేది ఎక్కడంటే, ఈ కిటుకులు వచ్చాక ప్రతి వాక్యమూ వాటితోనే కట్టేస్తారు. "వచ్చిన, చూసిన, తాకిన" అని పొడుగ్గా సాగి ఎక్కడా పని జరగదు. "లేదు" ఒక కవితలో మూడుసార్లు మించితే కవితంతా ఫిర్యాదులా వినబడుతుంది. ఒక పేజీకి కనీసం నాలుగు నిండు క్రియలు ఉండాలని చెప్పండి. వాటికి కర్త నేను, నువ్వు, ఏదైనా వస్తువు కావచ్చు.

వశిష్ఠ_పాయ

పైన ఇచ్చిన ఉదాహరణలో ఒక్క మాట. క్రియలన్నీ కాపాడారు గానీ "తడిసిన చొక్కా" దగ్గర చదివేవాళ్ళు మగమనిషినే చూస్తారు. వ్యాకరణం దాచినదాన్ని సంచి చెప్పేసింది. "తడిసిన తువ్వాలు" అంటే మళ్ళీ తెరుచుకుంటుంది. ఈ రెండో మెట్టు కూడా అదే రోజు చెప్పాలి: బట్టలు, నగలు, వృత్తి, బండి, తల దువ్వుకునే తీరు, ఇవన్నీ లింగం పలుకుతాయి. అభ్యాసంగా ఒకరి కవిత ఇంకొకరికిచ్చి, అలా పలికే నామవాచకాల కింద గీత గీయమనండి. మార్చాలా వద్దా అన్నది రాసిన మనిషి ఇష్టం.

మొదటి ఆదివారం "మీరు ఇంట్లో చెప్పిన రోజు గురించి రాయండి" అని మాత్రం ఇవ్వకండి. అది కవిత్వం నేర్పదు, గాయం తెరుస్తుంది. పైగా ఇంట్లో ఇంకా చెప్పనివాళ్ళు అక్కడే వేరుపడిపోతారు. వస్తువుతో మొదలుపెట్టండి. తాళం పడే ఒక వస్తువు: ట్రంకు పెట్టె, బీరువా అర, బండి డిక్కీ, ఫోను. దాని కొలత, రంగు, చప్పుడు, లోపలి వాసన మాత్రమే, 12 పాదాలు. మనసు అన్న మాట వాడకూడదు.

మొదటి మూడు వారాలు ఇంద్రధనుస్సు, సీతాకోకచిలుక, పంజరం చిలక, ముసుగు, అద్దం పక్కన పెట్టమనండి. తప్పని కాదు, అవి ముందే అర్థం మోసుకొచ్చేస్తాయి, రాసేవాళ్ళకి పని మిగల్చవు. మన చుట్టూ ఇంకా అంతగా వాడనివి చాలా ఉన్నాయి. వరద తీశాక గోడ మీద మిగిలే నీటి గీత. కొబ్బరి దింపు రోజు చెట్టు కింద పిల్లల్ని నిలబడనివ్వకపోవడం. నర్సాపురం లేసు: దారం మధ్య ఖాళీలు వదులుతూ అల్లే పని. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, అందుకని రాత్రంతా ఏరేటర్లు తిరుగుతాయి. కరెంటు పోతే గట్టు మీద మనిషికి వినబడేది నిశ్శబ్దం, కింద రొయ్యకి ఊపిరాడదు. ఇది ఒక వాక్యం రాసి పెట్టి, దీన్నుంచి వెళ్ళమనండి.

పురాణాల వైపు వెళ్తే అందరూ శిఖండి, బృహన్నల, అర్ధనారీశ్వరుడు దగ్గర ఆగుతారు. మనకి దగ్గర్లో ర్యాలి ఉంది. ఆత్రేయపురం మండలం, జగన్మోహినీ కేశవస్వామి గుడి. ఒకే సాలగ్రామ శిల, ముందు వైపు కేశవుడు, వెనక వైపు మోహిని, కొప్పుతో సహా చెక్కారు. వెనక్కి తిరిగి వెళ్తే గాని ఆవిడ కనబడదు. "చూశారా, మన సంప్రదాయంలోనూ ఉంది" అని నిరూపించే కవితలు వద్దండి, అవి వాదన అయిపోతాయి. వెనక వైపు నిలబడి చూసే మనిషికి ఏం కనబడుతుందో, దీపం వెలుగు అక్కడిదాకా ఎంత వస్తుందో, అది రాయమనండి. మగ కవి ఆడ గొంతుతో పలకడం మనకి కొత్త కూడా కాదు, క్షేత్రయ్య పదాల్లో మాట్లాడేది నాయికే. ఆ సంగతి ఒక పది నిమిషాలు చెప్పి వదిలెయ్యండి, ఉపన్యాసం చెయ్యకండి.

కోటిపల్లి_రేవు

చాలా ఉపయోగంగా ఉందండి. యజమానికి ముందే చెప్పెయ్యాలన్న మాట పాటిస్తాం. మిగిలినవి రెండు: కవిత మీద మాట్లాడే పద్ధతి, రాయలేనివాళ్ళు. పుస్తకం సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

ఊడ్పు_పాట

8 ఆదివారాలు చాలవు, 9 పెట్టండి. లెక్క ఇది. ఒక కవితకి 20 నిమిషాలు కావాలి. రోజుకి నాలుగు కవితలంటే 80 నిమిషాలు. వచ్చి కుదురుకోవడానికి, టీకి 15, పాఠం, అభ్యాసం 40, వచ్చే వారం పని చెప్పడానికి 15, మొత్తం 150. 12 మందికి ఒక చుట్టు తిరగడానికి మూడు ఆదివారాలు. మొదటి రెండు వారాలు ఎవరి కవితా చర్చకి పెట్టకండి, భయం పోనివ్వండి. 3, 4, 5 ఒక చుట్టు, 6, 7, 8 రెండో చుట్టు, 9వది పుస్తకానికి. 13వ మనిషిని చేర్చుకుంటే ఈ లెక్క చెడుతుంది, ఎంత మంచి మనిషైనా సరే, తర్వాతి విడతకి రమ్మనండి.

ఆ 20 నిమిషాలు ఎలాగంటే, కవితని ముందు వేరే మనిషి పైకి చదవాలి, తర్వాత రాసిన మనిషి. వేరే గొంతు ఎక్కడ తడబడిందో అక్కడ పాదం విరుపు సరిగా లేదని రాసిన మనిషికే తెలిసిపోతుంది. రెండు నిమిషాలు మౌనం. తర్వాత మూడు చుట్లు. మొదటి చుట్టులో ప్రతి ఒక్కరూ తమకి గుర్తుండిపోయిన మాటని చెప్తారు, అంతే, పొగడ్త లేదు. రెండో చుట్టులో ఎక్కడ ఆగిపోయారో. మూడోది ప్రశ్నలు. ఇంతసేపూ రాసిన మనిషి మాట్లాడరు, నోట్సు రాసుకుంటారు. చివరి మూడు నిమిషాలు వాళ్ళవి, జవాబు చెప్పకపోయినా సరే.

ఒక నియమం గట్టిగా పట్టుకోండి: "నువ్వు" అనకూడదు, "ఈ కవితలో మాట్లాడే మనిషి" అనాలి. "ఇది నిజంగా జరిగిందా" అని అడగనివ్వకూడదు. ఆ ఒక్క ప్రశ్నతో కవిత పక్కకి పోయి మనిషి బోనులో నిలబడతారు. రెండో ప్రమాదం "అబ్బ, గుండె పిండేశారండీ". ప్రేమతోనే అంటారు, కానీ తర్వాత ఎవరూ రెండో పాదం బాగాలేదని చెప్పలేరు. అలా అన్నప్పుడు "ఏ మాట దగ్గర?" అని నెమ్మదిగా అడగండి. నేర్పేవాళ్ళు ఇద్దరు ఉన్నారు కదా, ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుని బయటికి వెళ్తే ఒకరు వాళ్ళతో వెళ్ళాలి, ఒకరు తరగతి నడపాలి. ఎవరి బాధ్యత ఏది అన్నది ముందే అనుకోండి. మనసు బాగాలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ 14416 తెలుగులోనూ మాట్లాడుతుంది, ఆ నంబరు మొదటి రోజు కాగితం మీదే ఉండాలి.

ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్ళ గురించి. వాళ్ళని తప్పుపట్టకండి గానీ కారణం చూపించండి. ఇంగ్లీషు అక్షరాల్లో కళ్ళు, కల్లు, కాళ్ళు మూడూ ఒకేలా పడతాయి. దీర్ఘం పోతుంది, వత్తు పోతుంది, పాదం ఎంత బరువుందో కంటికి తెలియదు. ఫోన్లో గూగుల్ కీబోర్డు జీబోర్డులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి పెట్టుకోమనండి, వారంలో అలవాటవుతుంది. వాళ్ళకి నానీ మంచి అభ్యాసం: నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. అక్షరం లెక్కపెట్టడం మొదలుపెట్టాక ఒక్కో వత్తూ చేతికి తగులుతుంది.

ఆ ముగ్గురూ రాయలేనివాళ్ళని అనుకోకండి, వాళ్ళ పని నోటితో. ఊడ్పు పాట, ఏలపాట, లాలి, వీటి నడక మిగతావాళ్ళకి వాళ్ళే నేర్పగలరు, ఒక ఆదివారం పాఠం వాళ్ళకివ్వండి. వాళ్ళు చెప్పింది ఫోన్లో రికార్డు చేసి, చెయ్యితో రాయండి. మాట విని టైపు చేసే యాప్ వద్దు. అది "ఎల్తన్నాను" అంటే "వెళ్తున్నాను" అని, "ఒచ్చేడు" అంటే "వచ్చాడు" అని దిద్దేస్తుంది. పాట నడక అక్కడే విరిగిపోతుంది. రాసింది వాళ్ళకి చదివి వినిపించండి, ఊపిరి ఎక్కడ తీసుకున్నారో అక్కడ పాదం విరవండి, అది అయ్యాక రికార్డింగు వాళ్ళ ఎదురుగానే చెరిపెయ్యండి. వాళ్ళు తమలో తాము వాడుకునే మాటలు కవితలో వస్తే కింద అర్థాలు రాయకండి, అచ్చులో ఉంచాలా వద్దా కూడా వాళ్ళనే అడగండి. యాస విని ఎవరైనా నవ్వితే ఆ క్షణమే ఆపాలి. మన దగ్గర భాష దిద్దడం చాలాసార్లు కులం గుర్తు చెయ్యడమే.

మడత_పిన్ను

పుస్తకం లెక్క. ఏ4 కాగితం మధ్యకి మడిస్తే ఏ5 సైజులో నాలుగు పేజీలు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు ఎప్పుడూ నాలుగుతో భాగించాలి. 12 మందికి తలా రెండు పేజీలు 24, పేరు పేజీ, దాని వెనక ఖాళీ, విషయసూచిక రెండు, ముందుమాట రెండు, చివర ఖాళీ రెండు, మొత్తం 32. అంటే పుస్తకానికి 8 కాగితాలు. 50 ప్రతులకి 400. 500 కాగితాల రీము ఒకటి కొంటే ప్రయత్నాలకీ పాడైనవాటికీ 100 మిగులుతాయి. 70 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) కాగితానికి అవతలి అక్షరాలు కనబడతాయి, 80 తీసుకోండి. అట్టకి 250 జీఎస్ఎం చాలు. మామూలు స్టేప్లరు మడత దాకా అందదు, పొడుగు చేతి స్టేప్లరు అడగండి.

డీటీపీ సెంటరుకి రాతప్రతి ఇవ్వకండి. టైపు చేసే మనిషి ప్రతి అక్షరం చదువుతారు, చిన్న ఊళ్ళో అదే చాలు. పైగా వాళ్ళు అను అనే, యూనికోడు కాని పాత పద్ధతి ఫాంట్లలో పని చేస్తారు. మీరు ఫోన్లో కొట్టే యూనికోడు తెలుగు దాంట్లోకి మార్చేటప్పుడు "స్త్ర్య" లాంటి జంట వత్తులు చెదిరిపోతాయి, "ఫేస్‌బుక్" లాంటి మాటల్లో పొల్లు పోయి వత్తు పడుతుంది. మీరే కంప్యూటర్లో ఉచితంగా దొరికే లిబ్రెఆఫీసులో పెట్టండి. ఫాంటు మండలి గానీ సూరన్న గానీ, 12 పాయింట్లు, వరసల మధ్య 20. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి, ఇంగ్లీషు పుస్తకానికి పెట్టినట్టు 15 పెడితే పై వరస వత్తూ కింది వరస గుడీ తగులుకుంటాయి. మడత వైపు అంచు 18 మిల్లీమీటర్లు వదలండి. పొడుగు పాదం ఏ5లో పట్టక విరిగితే, విరిగిన ముక్కని లోపలికి జరపండి, లేకపోతే కొత్త పాదమనుకుంటారు. పీడీఎఫ్ చేసి, జిరాక్సు షాపులో పెన్‌డ్రైవు పెట్టి, దగ్గరుండి తీయించుకుని, వాళ్ళ కంప్యూటర్లో కాపీ మిగిలితే చెరిపించండి.

పీడీఎఫ్ చేసేముందు ఫైలు వివరాల్లో రచయిత పేరు చూసుకోండి. కంప్యూటరు ఎవరిదో వాళ్ళ పేరు దానంతటదే పడుతుంది. కలం పేరు పెట్టుకున్నాక కింద "సఖినేటిపల్లి, డిగ్రీ రెండో ఏడాది" అని రాస్తే కలం పేరు పెట్టుకున్న ఫలం లేదు. పరిచయాలు వద్దు. ఫోటోలు వద్దు. అట్ట బొమ్మ ఫోన్లో తీస్తే ఆ ఫైల్లో చోటు కూడా నమోదై ఉండొచ్చు, లొకేషన్ ఆపి తీయండి. పంచేముందు ప్రతులకి 1 నుంచి 50 దాకా చేత్తో అంకెలు వెయ్యండి, ఎవరికి ఎన్నిచ్చారో గుర్తుంటుంది.

వెనక్కి తీసుకునే హక్కు అచ్చుకి వెళ్ళే నిమిషం దాకా ఉండాలి, కారణం అడక్కూడదు. ఒకరు తీసుకుంటే రెండు పేజీలు ఖాళీ అవుతాయి. వాటిని ఖాళీగానే వదిలెయ్యండి, పేజీల లెక్క మార్చకండి. విషయసూచిక మాత్రం చివర్న చెయ్యండి, లేకపోతే తీసేసిన పేరు అక్కడ మిగిలిపోతుంది.

కోటిపల్లి_రేవు

9 ఆదివారాలు ఖాయం చేసుకున్నాం. 12 మందికే పరిమితం. ఒక్కటే మిగిలింది. తరగతిలో "అడిగింది" అని చదవాలని, పుస్తకంలో మాత్రం "అడగలేదు" అని వెయ్యాలని, పై నాలుగు పాదాల నమూనాలో రాసుకుంటున్న ఇద్దరు ఇప్పుడే అంటున్నారు. దేన్ని అసలు ప్రతి అనుకోవాలి?

ప్రథమ_పురుష

రెండూ అసలువే. "అడిగింది" ఉన్న కవితలో ఆవిడ అడిగింది. "అడగలేదు" ఉన్న దాంట్లో ఎవరూ అడగలేదు, నాలుగో పాదంలో జరిగిన సంగతే వేరు. కాబట్టి ఒక్క మాట మార్చి అచ్చుకి పంపకండి. "అడగలేదు" అన్నాక మొదటి మూడు పాదాలు దానికి తగ్గట్టు మళ్ళీ రాయాల్సి రావచ్చు. అడగని మనిషి చేతి సంచిలో ఏముందో ఈ గొంతుకి ఎలా తెలిసింది? ఆ ప్రశ్నతో 6వ ఆదివారం ఒక ప్రతి, 8వ ఆదివారం ఇంకో ప్రతి చర్చకి పెట్టించండి. వాళ్ళ రెండో చుట్టు 20 నిమిషాలని పదీ పదిగా విడగొడితే మీ లెక్క చెడదు.